ఆటలో అరటిపండా?



అమెరికాలో మార్చి నెల వచ్చిందంటే కాలేజీ బాస్కెట్‌బాల్ జ్వరం పట్టుకుంటుంది. 68 జట్లు బరిలోకి దిగుతాయి. ఓడినవాళ్లు అక్కడికక్కడే ఇంటికి. మూడు వారాలపాటు ఆఫీసుల్లో, హోటళ్లలో, విమానాశ్రయాల్లో అదే మాట. ఆ మ్యాచ్‌ల్లో కెమెరా అప్పుడప్పుడు బెంచి మీదికి మళ్లుతుంది. అక్కడ వరస చివర ముగ్గురో నలుగురో కనిపిస్తారు. ఒంటి మీద అదే జెర్సీ, కాళ్లకు అవే బూట్లు. 40 నిమిషాల ఆటలో వాళ్లు కుర్చీలోంచి లేచేది చప్పట్లు కొట్టడానికీ, తువ్వాళ్లు ఊపడానికీ. వీళ్లని అక్కడ వాక్-ఆన్ ఆటగాళ్లు అంటారు. చూసేవాళ్లకి ఆటలో అరటిపండులా కనిపించే ఈ పిల్లలు జట్టుకి ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, ఆ దారి ఇప్పుడు ఎందుకు ఇరుకవుతోంది అన్నది ఈనాటి ప్రసంగం.

ముందు కొంచెం లెక్క చెప్పాలి. అక్కడ కాలేజీ క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. దాని పై శ్రేణి డివిజన్ 1. అందులో 350కి పైగా కాలేజీలు బాస్కెట్‌బాల్ ఆడతాయి. ఈ శ్రేణిలో పురుషుల జట్టుకి 13, మహిళల జట్టుకి 15 స్కాలర్‌షిప్పులు మించకూడదన్న నిబంధన చాలా ఏళ్లు నడిచింది. పూర్తి స్కాలర్‌షిప్ వచ్చిన ఆటగాడికి ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు అన్నీ కాలేజీయే భరిస్తుంది. అయితే పదమూడు మందితో సీజన్ గడవదు. ఒకడికి మడమ బెణుకుతుంది, ఒకడికి మోకాలు వాస్తుంది, ఒకడికి జ్వరం. అయిదుగురికి అయిదుగురు ఎదురు నిలిచి ప్రాక్టీసు చెయ్యాలంటేనే పదిమంది ఆరోగ్యంగా ఉండాలి. అందుకని ఆటకి స్కాలర్‌షిప్ ఏమీ లేకుండా మరి కొందరిని జట్టులో చేర్చుకుంటారు. వాళ్లే వాక్-ఆన్‌లు.

వీళ్లలో రెండు రకాలు. కొందరిని కోచ్‌లు ముందే చూసి పెట్టుకుంటారు. స్కాలర్‌షిప్ ఇవ్వలేం గానీ జట్టులో చోటు ఖాయమని మాట ఇస్తారు. మిగిలినవాళ్లు అందరిలాగే కాలేజీలో చేరి, సెలెక్షన్లు పెట్టినప్పుడు బూట్లు కట్టుకుని వెళతారు. అక్కడికి పదుల సంఖ్యలో కుర్రాళ్లు వస్తే ఒకరో ఇద్దరో నిలుస్తారు. కొన్ని ఏళ్లు ఆ ఒక్కరు కూడా నిలవరు. వచ్చినవాళ్లలో చాలామంది తమ హైస్కూలు జట్టుకి నాయకులే. ఊళ్లో పేపర్లో ఫొటో పడ్డవాళ్లే. డివిజన్ 1 కోర్టులో అడుగు పెట్టాక, తమకంటే అడుగు పొడవూ రెట్టింపు వేగమూ ఉన్నవాళ్లు ఎదురవుతారు.

మన వైపు నుంచి చూస్తే ఇందులో వింత ఏముందనిపిస్తుంది. మన విశ్వవిద్యాలయాల తరఫున ఆడే పిల్లల్లో చాలామంది చదువు ఖర్చు తామే పెట్టుకుంటారు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తే వచ్చింది, ప్రయాణానికి టీఏ, డీఏ ఇస్తే ఇచ్చారు. అమెరికాలో కూడా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. కింది శ్రేణి అయిన డివిజన్ 3 కాలేజీలూ ఇవ్వవు. అక్కడ అందరూ ఒకటే కాబట్టి తేడా కనిపించదు. వాక్-ఆన్ బాధ అంతా పక్కవాడితో పోల్చుకున్నప్పుడే మొదలవుతుంది. ఒకే గదిలో బట్టలు మార్చుకునే ఇద్దరిలో ఒకడి చదువు ఉచితం. రెండోవాడి ఇంట్లో ఏడాదికి వేల డాలర్ల ఫీజు కోసం అప్పు పత్రాల మీద సంతకాలు పెడుతుంటారు. ఇద్దరూ పరుగెత్తేది మాత్రం ఒకే దూరం.

ఇక అతని పని ఏమిటో చూద్దాం. సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించి ఆటగాళ్ల చేత జట్టు పని చేయించకూడదని, వారంలో ఒక రోజు విడిచిపెట్టాలని ఎన్‌సీఏఏ నియమం. ప్రయాణాలు, కాలికి కట్టుకట్టించుకోవడాలు ఆ లెక్కలోకి రావు. ఈ గంటల్లో వాక్-ఆన్ ముఖ్యంగా చేసేది ప్రత్యర్థి పాత్ర. శనివారం ఫలానా జట్టుతో మ్యాచ్ ఉందనుకోండి. సహాయ కోచ్ ఆ జట్టు వీడియోలు చూసి, వాళ్లు బంతిని ఎలా కదుపుతారో, ఎవరు ఎవరికి అడ్డు నిలిచి దారి ఇస్తారో, ఏ సైగకి ఏ ఎత్తు వేస్తారో రాసుకొస్తాడు. ఆ ఎత్తులన్నీ ఒక్క రోజులో నేర్చుకుని మన జట్టు మీదే ప్రయోగించాల్సింది బెంచి చివరి కుర్రాళ్లు. దీన్ని స్కౌట్ టీమ్ అంటారు. ఎదుటి జట్టులో ఎడమచేతి వాటం షూటర్ ఉంటే ఇక్కడ ఒకడు ఆ వారమంతా ఎడమవైపుకే దూసుకెళ్లాలి. ఎదుటివాళ్లు మొదటి నుంచి చివరిదాకా మీదపడి ఒత్తిడి చేసే రకమైతే వీళ్లూ అలాగే మీదపడాలి. తర్వాతి వారం ఇంకో జట్టు, ఇంకో వేషం. ఇలా నవంబరు నుంచి మార్చి దాకా అతను తన ఆట ఆడేది తక్కువ, పరాయి ఆట ఆడేది ఎక్కువ.

ఇందులో ఒక చిక్కు ఉంది. స్కౌట్ టీమ్ నీరసంగా ఆడితే ప్రాక్టీసు దండగ. మరీ గట్టిగా ఆడి ముఖ్యమైన ఆటగాడి కాలు మీద పడితే సీజనే పోతుంది. ఎంత ఒత్తిడి పెట్టాలో, ఎక్కడ చేతులు వెనక్కి తీసుకోవాలో తెలియాలి. కోచ్ ఇటువైపు వాళ్లకి పాఠం చెబుతూ అరుస్తుంటే అటువైపు వాళ్లు చెమట ఆరిపోతుండగా నిలబడి, మళ్లీ ఈల వినగానే మొదటి నుంచి అదే ఎత్తు వెయ్యాలి.

మహిళల జట్ల దగ్గర ఈ పద్ధతి మరో రూపం తీసుకుంది. టెనెసీలో పాట్ సమ్మిట్, కనెక్టికట్‌లో జీనో ఆరియెమ్మా వంటి మహా కోచ్‌లు తమ అమ్మాయిల మీదికి ప్రాక్టీసులో కాలేజీ కుర్రాళ్లని దింపేవారు. ఆ కుర్రాళ్లకి జెర్సీ ఉండదు, బెంచి మీద కుర్చీ ఉండదు, మ్యాచ్‌లో ఒక్క క్షణం ఆడే వీలూ ఉండదు. అయినా మధ్యాహ్నం క్లాసు అయిపోగానే పరుగెత్తుకొస్తారు. ఆ అమ్మాయిలు జాతీయ విజేతలైన ఏడాది తమకూ అందులో పాలు ఉందనుకుంటారు. ఉన్నమాటే కదా.

భోజనం సంగతి కూడా చెప్పుకోవాలి. జట్టుకి వండిపెట్టే భోజనం చాలాకాలం స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకే లెక్క. ఆ రోజుల్లో ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం మధ్యలో ఆటగాళ్లకి పండ్లు, గింజలు, బేగల్ అనే గుండ్రటి రొట్టె చిరుతిండిగా ఇవ్వొచ్చు. అదే రొట్టె మీద క్రీమ్ చీజ్ రాస్తే అది భోజనం కిందికి వస్తుంది కాబట్టి ఇవ్వకూడదు. 2014లో కనెక్టికట్ జట్టు జాతీయ విజేత అయినప్పుడు దాని ముఖ్య ఆటగాడు షబాజ్ నేపియర్, తాను ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని విలేఖరులతో చెప్పాడు. అప్పటికే చర్చలో ఉన్న ప్రతిపాదన అదే నెలలో గట్టెక్కింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి డివిజన్ 1 ఆటగాళ్లందరికీ, వాక్-ఆన్‌లతో సహా, భోజనం ఎంత పెట్టినా తప్పులేదన్నారు. కలిసి చెమటోడ్చినవాళ్లు ఒకే బల్ల దగ్గర తినడానికి అన్నేళ్లు పట్టిందన్నమాట.

మ్యాచ్ రోజున వాక్-ఆన్‌కి పని తక్కువ. బయటి ఊళ్లలో మ్యాచ్ అయితే అసలు విమానం ఎక్కించరేమో కూడా. సొంత ఊళ్లో అయితే ఆటకి ముందు అందరితోపాటు బుట్టలోకి బంతులు వేస్తాడు, తర్వాత కూర్చుంటాడు. జట్టు ఇరవై, ఇరవై అయిదు పాయింట్ల ఆధిక్యంలో ఉండి, చివరి నిమిషం మిగిలినప్పుడు కోచ్ బెంచి చివరికి చూస్తాడు. అప్పటికే విద్యార్థుల గ్యాలరీ అతని పేరు పెట్టి అరుస్తూ ఉంటుంది. వాళ్లకి అతను తమ హాస్టలు కుర్రాడు, తమ కెమిస్ట్రీ ల్యాబ్ తోడు. అతను ఒక్క బుట్ట వేస్తే బెంచి మీద ఉన్న మహామహులు గెంతులేస్తారు. మిషిగన్ స్టేట్‌లో పేరు మోసిన కోచ్ టామ్ ఇజ్జో కొడుకు స్టీవెన్ ఏళ్ల తరబడి బెంచి మీద ఉండి, 2024లో తొలిసారి పాయింట్లు తెచ్చుకున్నప్పుడు హాలంతా లేచి నిలబడింది.

ఈ ఒక్క నిమిషపు ఆటలోని హాస్యాన్ని పట్టుకున్నవాడు మార్క్ టైటస్. 2006 నుంచి 2010 దాకా ఒహాయో స్టేట్ జట్టులో వాక్-ఆన్. మొదటి ఏడాది అతని సహచరులు గ్రెగ్ ఓడెన్, మైక్ కాన్లీ. ఆ ఇద్దరిలో ఒకరు 2007లో వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏ జరిపిన ఎంపికలో మొదటి పేరు, రెండోవారు నాలుగో పేరు. మన టైటస్ గారి సంగతి వేరు. స్కోరు పట్టికలో అతని పేరు ఎదురుగా ఆడిన నిమిషాలు ఒకటి. ఆపైన షాట్లు, రీబౌండ్లు, పాస్‌లు, ఫౌళ్లు, పాయింట్లు అన్నీ సున్నాలే. ఒకటి పక్కన అన్ని సున్నాలుంటే చూడటానికి లక్ష కోట్లలా ఉంటుంది. దాన్నే అతను బిరుదుగా తగిలించుకుని, బెంచి చివరి జీవితం గురించి సరదాగా రాస్తూ పోయాడు. 2012లో పుస్తకం కూడా వేశాడు. కోచ్ గారూ నన్ను దింపకండి అని దాని పేరుకి అర్థం.

నవ్వు అటుంచితే, ప్రాక్టీసులో చేసిన కష్టం ఒక్కోసారి లోకం కంట పడుతుంది. 2015 మార్చి 20న ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో మేరీల్యాండ్, వాల్పరైసో జట్ల మధ్య జాతీయ టోర్నమెంటు మ్యాచ్. మేరీల్యాండ్‌ది నాలుగో ర్యాంకు, ఎదుటివాళ్లది పదమూడు. తేలిగ్గా గెలవాల్సిన ఆట చివరి క్షణాలకి 65-62 దగ్గర నిలిచింది. బంతి వాల్పరైసో చేతిలో ఉంది. మూడు పాయింట్ల షాటు పడితే ఆట మళ్లీ మొదలైనట్టే. అప్పుడు కోచ్ మార్క్ టర్జన్ బెంచి చివర నుంచి వరుణ్ రామ్‌ని పిలిచాడు. భారత సంతతి కుర్రాడు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, వాక్-ఆన్. అంతకుముందు ట్రినిటీ అనే డివిజన్ 3 కాలేజీలో ఒక ఏడాది ఆడి, సొంత రాష్ట్రానికి తిరిగొచ్చి, ఇక్కడ జట్టులో చేరాడు. చదువు నాడీ జీవశాస్త్రం. అంత పొట్టివాణ్ణి అంత ముఖ్యమైన క్షణంలో దింపడమేమిటని చూసేవాళ్లకి అనిపించి ఉండవచ్చు. వరుణ్ ఎదుటి ఆటగాడు కీత్ కార్టర్‌ని అంటిపెట్టుకుని, ఊపిరి తీసుకోనివ్వలేదు. సరైన షాటు పడకుండానే సమయం అయిపోయింది. మేరీల్యాండ్ గెలిచింది.

అతన్ని అదృష్టం తలుపు తట్టిన కుర్రాడని అనేయవచ్చు. నాకైతే అందులో అదృష్టం పాలు తక్కువనిపిస్తుంది. స్కౌట్ టీమ్ కుర్రాడికి రోజూ ఉండే పనే అది. తనకంటే పొడవైన, వేగమైన తన జట్టు గార్డులని అడ్డుకోవడం, వాళ్లని విసిగించడం. కోచ్‌కి ఆ సంగతి తెలుసు కాబట్టే పిలిచాడు. ఆ రాత్రి వరుణ్ కొత్తగా చేసిందేమీ లేదు. ఎవరూ చూడనప్పుడు చేస్తున్నదే అందరూ చూస్తుండగా చేశాడు.

వాక్-ఆన్ అనగానే చాలామంది చెప్పే కథలు ఇవి కావు. స్కాటీ పిప్పెన్ కథ చెబుతారు. పన్నెండుమంది పిల్లల్లో చివరివాడు, తండ్రి కాగితం మిల్లులో పనిచేసి పక్షవాతానికి గురయ్యాడు. 1983లో సెంట్రల్ ఆర్కన్సా అనే చిన్న కాలేజీలో స్కాలర్‌షిప్ లేకుండా, జట్టు సామాన్లు చూసుకునే పనితో మొదలుపెట్టాడు. హైస్కూలు అయ్యేనాటికి 6 అడుగుల 1 అంగుళం ఉన్నవాడు కాలేజీలో అర అడుగుకి పైగా పెరిగాడు. 1987 ఎన్‌బీఏ ఎంపికలో అయిదో పేరు అతనిదే. తర్వాత మైకేల్ జోర్డాన్ పక్కన నిలబడి షికాగో బుల్స్‌కి ఆరు ట్రోఫీలు సాధించాడు. జెఫ్ హార్నసెక్ కథ కూడా చెబుతారు. స్కాలర్‌షిప్ రాక పేపరు కప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత అయోవా స్టేట్‌లో వాక్-ఆన్‌గా చేరి, ఎన్‌బీఏలో ఆల్‌స్టార్ దాకా వెళ్లినవాడు.

ఈ కథలు నిజాలే, గొప్పవే. కాకపోతే అవి ఎంతమందికి జరిగాయని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పిప్పెన్ పెరిగినట్టు అందరూ పెరగరు. మామూలు వాక్-ఆన్ మహా అయితే చివరి ఏడాది మిగిలిపోయిన ఒక స్కాలర్‌షిప్ అందుకుంటాడు. కోచ్ ఏదో మామూలు మీటింగు అన్నట్టు అందరినీ కూర్చోబెట్టి ఆ వార్త చెప్పడం, సహచరులంతా అతని మీద పడి హత్తుకోవడం, ఆ వీడియో దేశమంతా తిరగడం అక్కడ మామూలే. అది కూడా రానివాళ్లే ఎక్కువ. వాళ్లు డిగ్రీ పుచ్చుకుని ఇంజనీర్లో, డాక్టర్లో, కోచ్‌లో అవుతారు. ఎన్‌బీఏకి చేరినవాడే సఫలమైన వాక్-ఆన్ అనుకుంటే ఈ వేలమంది విఫలమైనట్టే కదా. అలా అనుకోవడం న్యాయం కాదు. వాళ్లు ఒప్పుకున్న పని జట్టుని తయారు చేయడం. ఆ పని వాళ్లు చేశారు.

ఇలా అన్నానని ఈ పద్ధతిలో లోపం లేదనుకోకండి. ఫీజు కట్టుకుంటూ వారానికి ఇరవై గంటలు జీతం లేకుండా ఇవ్వడం అందరికీ సాధ్యం కాదు. ఆ ఇరవై గంటలు హోటల్లోనో గ్రంథాలయంలోనో పనిచేస్తే తప్ప పూట గడవని పిల్లలున్నారు. అందుకే బెంచి చివర కూర్చున్నవాళ్లలో కోచ్‌ల కొడుకులు, కలిగిన ఇళ్ల పిల్లలు తరచుగా కనిపిస్తారు. కన్సస్‌లో కోచ్ బిల్ సెల్ఫ్ కొడుకు టైలర్ తండ్రి జట్టులోనే వాక్-ఆన్‌గా ఆడాడు. వాళ్లు కష్టపడలేదని ఎవరూ అనలేరు. తలుపు అందరికీ తెరిచే ఉందంటారు గానీ, లోపలికి రావడానికి ఛార్జీ ఉందన్న సంగతి కూడా చెప్పాలి.

ఇప్పుడు ఆ తలుపే ఓరగా మూసుకుంటోంది. ఆటగాళ్ల పేరు చెప్పి కాలేజీలు కోట్లు గడిస్తుంటే వాళ్లకి వాటా ఎందుకు లేదంటూ గ్రాంట్ హౌస్ అనే ఈతగాడూ మరికొందరూ వేసిన దావాలో 2025 జూన్ 6న ఒక రాజీ ఖరారైంది. పాత ఆటగాళ్లకి సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం. ఇక మీదట కాలేజీలు నేరుగా ఆటగాళ్లకి డబ్బు చెల్లించవచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. న్యాయమైన కోరికే, రావలసిన మార్పే. దాని వెంట మరో షరతు వచ్చింది. ఒప్పందంలో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, మొత్తం జట్టు సంఖ్యకే పరిమితి పెట్టారు. బాస్కెట్‌బాల్‌లో అది 15. ఆ పదిహేను మందికీ స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు, పదహారోవాడికి మాత్రం ఉచితంగా ఆడతానన్నా చోటు లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇంకా ఘోరం. నూట ఇరవై మంది దాకా ఉండే జట్లని 105కి కుదించమన్నారు.

ఇక్కడే ఒక విశేషం జరిగింది. అన్ని వందల కోట్ల రాజీ 2025 ఏప్రిల్‌లో ఆగిపోవడానికి కారణం బెంచి చివరి పిల్లలే. చోటు పోగొట్టుకుంటున్నవాళ్లు కోర్టుకి తమ గోడు చెప్పుకున్నారు. న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆ మాట విని, వాళ్ల సంగతి తేల్చందే ఆమోదం లేదన్నారు. చివరికి, ఈ పరిమితి వల్ల చోటు పోయిన పాత ఆటగాళ్లని కాలేజీలు కావాలంటే లెక్కలో చేర్చకుండా ఉంచుకోవచ్చని సవరించారు. ఇప్పటికే ఉన్నవాళ్లలో కొందరికి అది ఊరట. రేపు కొత్తగా బూట్లు కట్టుకుని వచ్చేవాడికి అది వర్తించదు.

బాస్కెట్‌బాల్ పుట్టుక గుర్తు చేసుకుంటే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో గదిలో విసిగిపోతున్న విద్యార్థుల కోసం రెండు పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి, 13 నియమాలు రాసి ఈ ఆట మొదలుపెట్టాడు. క్లాసులో ఉన్నది 18 మంది. జట్టుకి తొమ్మిదిమంది చొప్పున చీల్చి అందరినీ ఆడించాడు. బెంచి మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఆ క్లాసుగది ఆటకీ ఇప్పటి కోట్ల వ్యాపారానికీ మధ్య మిగిలిన బంధం వాక్-ఆన్ ఒక్కడే. ల్యాబ్‌లో మన పక్కన కూర్చున్నవాడు సాయంత్రం అదే కాలేజీ జెర్సీ వేసుకుని కోర్టులో కనిపిస్తాడన్న నమ్మకం విద్యార్థులకి ఇచ్చేది అతనే. ఆటగాళ్లకి డబ్బు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. దానికోసం ఆ పదహారో కుర్చీ తీసెయ్యాల్సిన అవసరం నాకు కనబడటం లేదు.

చివరగా, అమెరికాలో పిల్లలో మనవలో ఉన్న శ్రోతలకి ఒక మాట. మీ ఇంటి కుర్రాడో అమ్మాయో కాలేజీ జట్టులో చోటు వచ్చింది, స్కాలర్‌షిప్ మాత్రం లేదని చెబితే, ఆడనివ్వరట కదా, ఎందుకమ్మా ఆ గొడవ అని కొట్టిపారెయ్యకండి. ముందు మూడు విషయాలు అడగండి. ఫీజుకి ఏర్పాటు ఏమిటి? ఆ ఇరవై గంటలు పోను చదువుకి సమయం మిగులుతుందా? ప్రాక్టీసులో నీ చేత ఏ పని చేయించాలనుకుంటున్నారో కోచ్ స్పష్టంగా చెప్పాడా? ఈ మూడింటికీ సూటిగా జవాబు వస్తే వెళ్లనివ్వండి. స్కోరు పట్టికలో పేరు పక్కన సున్నాలు చూసి బాధపడకండి. ఆ పట్టికలో ప్రాక్టీసుకి గడి ఉండదు.